మన షార్ట్ ఫిల్ముల్ల రైతు ఎందుకు బతకడు?



ఈ పేజీల నేను ఎప్పుడూ రాసేది పసుపు రేటు, వరి తెగులు, కాలువ నీళ్ల ముచ్చటనే. ఇయ్యాల కొంచెం వేరే సంగతి. షార్ట్ ఫిల్ముల గురించి. నవ్వకుండ్రి. రైతుకు షార్ట్ ఫిల్ములతోని ఏం పని అనేటోళ్లకు ఒకటే జవాబు, అవి మన మీదనే తీస్తున్నరు. మన ఫొటో ఎవరన్న తీస్తే అది ఎట్ల వచ్చిందో చూసుకుంటం కదా, గట్లనే ఇది కూడ.

యూట్యూబ్‌ల "రైతు షార్ట్ ఫిల్మ్" అని కొట్టి చూడుండ్రి. వరుసబెట్టి వస్తయి. రెండు మూడేండ్ల సంది రాత్రిపూట నీళ్లు పెట్టేటప్పుడు, మడి నిండే దాక ఇవే చూస్తున్న. ఎన్ని చూసిన్నో లెక్క లేదు గాని, చూడంగ చూడంగ వాటి దారి మొత్తం తెలిసిపోయింది. మొదలు డ్రోన్ షాట్, పచ్చటి పొలం. తర్వాత ముసలి రైతు ముఖం దగ్గరికి వస్తది, నుదుటి మీద చెమట చుక్కలు. ఆ తర్వాత బీటలు వారిన నేల. ఆయన ఆకాశం దిక్కు చూస్తడు. అప్పు ఇచ్చినాయన బండి మీద వచ్చి నలుగుట్ల తిడతడు. ఇంట్ల పెండ్లికి ఎదిగిన బిడ్డ. వెనక వయొలిన్. ఆఖరికి రైతు చచ్చిపోతడు. తెర నల్లగయి తెల్ల అక్షరాల్ల "రైతే రాజు" అని వస్తది. అంతా కలిపి ఎనిమిది, పది నిమిషాలు.

తీసే పిల్లలకు మన మీద ప్రేమ లేదని అంటలేను. ప్రేమ ఉన్నందుకే సొంత పైసలు పెట్టి తీస్తున్నరు. కాని ప్రేమ వేరు, చూపు వేరు. చూపు గురించి మాట్లాడుకుందాం.

మొదలు ఆ బీటలు వారిన నేల. మా బోధన్ దిక్కు నిజాంసాగర్ కాలువ కింద వరి పెట్టేటోళ్లకు తెలుసు, కోతకు ముందు మడిల నీళ్లు తీసేస్తం. నేల ఆరి నెర్రెలు వాస్తది. ఆరకపోతే హార్వెస్టర్ దిగవడుతది, గంటల లెక్కన కిరాయి పెరుగుతది. కాబట్టి గింజ ఎర్రబడ్డ పొలంల ఆ నెర్రెలు చూస్తే మాకు ధైర్యం. నల్లరేగడి అయితే ప్రతి ఎండాకాలం చెయ్యి పట్టేటంత నెర్రెలు వాస్తది, అది దాని గుణం. షార్ట్ ఫిల్ముల మాత్రం నెర్రె అంటే కరువు, కరువు అంటే చావు. ఒక రైతును పక్కన కూసోబెట్టుకొని ఎడిటింగ్ చేస్తే ఈ సంగతి ఒక్క నిమిషంల తెలుస్తది.

రెండోది రంగు. ఈ మధ్య అందరు పచ్చదనం బాగ పెంచుతున్నరు. వరి నల్లపచ్చగ మెరుస్తది. పట్నంల చూసేటోళ్లకు అది అందం. నా కంటికి అది యూరియా ఎక్కువ పడ్డ పొలం, పదిహేను రోజులల్ల దోమపోటు వచ్చే పొలం. మనం ఆకు రంగు చూసే కదా పైరు ఆరోగ్యం చెప్పేది. లేత ఆకు పసుపుపచ్చ అయితే ఒక లోపం, ముదురు ఆకు పసుపుపచ్చ అయితే ఇంకో లోపం. రైతుకు రంగు అంటే సమాచారం. దాన్ని కంప్యూటర్‌ల మారిస్తే మాకు అక్షరాలు తారుమారు చేసిన పేపర్ లెక్క కనబడుతది.

మూడోది స్లో మోషన్. నాట్లేసే ఆడోళ్లను నిదానంగ చూపిస్తరు. నీటి చుక్కలు మెల్లగ లేస్తయి, గాజులు మెల్లగ కదులుతయి. చూడ సొంపుగనే ఉంటది. కాని నాటు అనేది నిదానం పని కాదు. గుత్తకు మాట్లాడుకున్న ముఠా ఎకరం ఎంత జల్ది అయితే అంత లాభం. ఆ చేతులు ఎంత వేగంగ ఆడుతయో చూసినోళ్లకే తెలుసు. ఆ వేగంల ఉన్నది నైపుణ్యం. దాన్ని స్లో మోషన్ చేస్తే నైపుణ్యం పోయి బొమ్మ మిగులుతది. ఇంకో మాట. ఇప్పుడు మా దిక్కు నాట్లు వేసే ముఠాలల్ల బీహార్, బెంగాల్ నుంచి వచ్చిన మొగోళ్లు కూడ ఉన్నరు. దారం పట్టుకొని వరుసలు తీస్తరు, హిందీల మాట్లాడుకుంటరు. షార్ట్ ఫిల్ముల మాత్రం ఇంకా చీర చెంగు దోపుకొని జానపదం పాడే ఆడోళ్లే. పొలం మారింది, సిన్మా పొలం మారలే.

ఇదంతా పైపై సంగతి అనుకుంటరేమో. లోపలి సంగతి ఇప్పుడు చెప్తున్న, అసలు ఈ పోస్టు రాసుడు దాని కోసమే.

మా చిన్నోడు ఏడో తరగతి. ఒకనాడు వాడు కూడ ఫోన్‌ల ఇట్లాంటిదే ఒకటి చూసిండు. ఏమనలే. రెండు రోజుల తర్వాత మిరపకు స్ప్రే చేద్దామని కొట్టంల చూస్తే మందు డబ్బా లేదు. ఇల్లంత వెతికినం. చివరికి అటుక మీద పాత బొంతల వెనక దొరికింది. ఎవరు పెట్టిన్రని అడిగితే వాడు ముఖం కిందికేసిండు. కొంచెం సేపటికి అడిగిండు, "డాడీ, మనకు కూడ అప్పుందా?" అని.

ఉన్నది. ఏ రైతుకు లేదు? బ్యాంకుల క్రాప్ లోన్ ఉన్నది, బంగారం మీద కొంత ఉన్నది, ఎరువుల దుకాణంల ఖాతా ఉన్నది. వాన్ని కూసోబెట్టుకొని ఒక నోట్‌బుక్ ముందు పెట్టి మొత్తం చెప్పిన. ఇది ఇంత, ఇది ఈ నెలల కడతం, పసుపు అమ్మినంక ఇది తీరుతది, ఇది మిగులుతది, మళ్ల వచ్చే యేడు చూసుకుంటం అని. వాడు విన్నడు. "అయితే ఆ సిన్మాల ఆయన గిట్ల ఎందుకు లెక్క రాసుకోలే?" అన్నడు. నా దగ్గర జవాబు లేకుండె. ఎందుకంటే ఆ సిన్మా తీసినాయనకు ఆ లెక్క తెల్వదు. అప్పు అంటే ఒక మనిషి, బండి మీద వచ్చి తిట్టే మనిషి, అంతే. వడ్డీ ఎట్ల పెరుగుతది, రెన్యువల్ అంటే ఏంది, ఒక అప్పు తీర్చనీకి ఇంకో అప్పు ఎట్ల తెస్తం, ఆ తాడాట ఏదీ అందుల ఉండదు.

ఆత్మహత్యలు అబద్ధమని నేను అంటనా? అనను. మన జిల్లాల ఏ మండలం పోయినా అట్ల పోయినోళ్ల ఇండ్లు ఉన్నయి. నేను అనేది ఏందంటే, చావును కథకు ముగింపుగ వాడుకునుడు అలవాటయి పోయింది. ముగింపు దొరకనోనికి అది సులువు దారి. కాని నిజంల అది ముగింపు కాదు. తెర నల్లగ అయిన దగ్గర్నే ఆ ఇంట్ల ఆడమనిషి కథ మొదలయితది. పాసుబుక్కు ఆమె పేరు మీదికి మారాలె. 2018 ఆగస్టు నుంచి రైతుబీమా ఉన్నది, 18 నుంచి 59 యేండ్ల మధ్య పట్టా రైతు ఏ కారణంతోని చనిపోయినా ఇంటోళ్లకు 5 లక్షలు వస్తయి. కాని పట్టా లేని కౌలు రైతు భార్యకు అది రాదు. పొలం అదే, చెమట అదే, కాగితం లేదు. ఆ కౌలు రైతు భార్య మళ్ల అదే పొలం కౌలుకు అడగనీకి పోయిన రోజు మీద ఎవరన్న పది నిమిషాల సిన్మా తీస్తే, నేను ఈ పేజీల పది సార్లు పెడత.

మనకు చిన్న సిన్మాలు కొత్త కాదు. నా ఈడోళ్లకు యాదికి ఉంటది. నిజామాబాద్‌ల టాకీసుకు పోతే అసలు సిన్మా కంటే ముందు ఫిల్మ్స్ డివిజన్ వాళ్ల నలుపు తెలుపు చిత్రం ఒకటి వేసేటోళ్లు. 1948ల పెట్టిన సర్కారు సంస్థ అది. డ్యాములు, కొత్త విత్తనాలు, ట్రాక్టర్లు, వెనక గంభీరమైన గొంతు. జనం ఆ టైముల బీడీలు తాగనీకి బయటికి పోయేటోళ్లు. అందుల రైతు ఎప్పుడూ నవ్వుతనే ఉండె. సర్కారు సిన్మాల రైతు ఎప్పుడూ నవ్వుతడు, యూట్యూబ్ సిన్మాల రైతు ఎప్పుడూ చస్తడు. ఈ రెండిట్ల మనం యాడ ఉన్నం?

ఉన్న చోట్లు కూడ ఉన్నయి. నాకు దొరికిన నాలుగు చెప్త. వీలైతే చూడుండ్రి.

మొదటిది 1895ల ఫ్రాన్స్‌ల లూమియేర్ అన్నదమ్ములు తీసింది. నిమిషం కూడ ఉండదు. ఒకాయన పైపు పట్టుకొని తోటకు నీళ్లు పెడుతుంటడు. వెనక నుంచి ఒక పోరగాడు వచ్చి పైపును తొక్కుతడు. నీళ్లు ఆగుతయి. ఆయన ఏమైందని పైపు మూతిల చూస్తడు. పోరగాడు కాలు తీస్తడు. నీళ్లు ముఖం మీద కొడతయి. వెంటపడి పట్టుకొని వాని వీపు వాయిస్తడు. అంతే సిన్మా. అదే యేడు డిసెంబర్ 28న పారిస్‌ల టికెట్ పెట్టి జనానికి చూపెట్టిన చిత్రాలల్ల ఇది ఒకటి. తెర మీద కథ చెప్పిన మొట్టమొదటి సిన్మాల లెక్కల దీన్ని చెప్తరు. ఆలోచించుండ్రి, కథాసిన్మా పుట్టుకనే నీళ్లు పెట్టే మనిషితోని. పైపుల నీళ్లు ఆగితే మూతిల చూడని రైతు ఎవరన్న ఉన్నడా? అందుల వయొలిన్ లేదు, మాట లేదు, నీతి లేదు. పోరగాడు తొక్కిన సంగతి మనకు తెలుసు, ఆయనకు తెల్వదు. ఆ తేడాతోనే కథ నడుస్తది. మన పిల్లలు నేర్చుకోవాల్సింది అదొక్కటి చాలు.

రెండోది సత్యజిత్ రాయ్ 1964ల తీసిన "టూ". పావుగంట కూడ ఉండదు, ఒక్క మాట ఉండదు. పెద్ద ఇంట్ల ఒక పిలగాడు, నిండ ఆటబొమ్మలు. కిటికీ బయట గుడిసె దగ్గర ఇంకో పిలగాడు, చేతిల పిల్లనగ్రోవి. వాడు ఊదితే వీడు బూర ఊదుతడు. వాడు డోలు తెస్తే వీడు ఇంకో బొమ్మ తెస్తడు. వాడు గాలిపటం ఎగరేస్తే వీడు తుపాకితోని దాన్ని చింపుతడు. చినిగిన గాలిపటం పట్టుకొని ఆ గుడిసె పిలగాడు చూసిన చూపు ఉన్నది చూడుండ్రి, నాకు నాలుగు రోజులు కండ్లముందట్నే ఉండె. కాని వాడు ఓడిపోడు, చావడు. కొంచెం సేపటికి మళ్ల పిల్లనగ్రోవి వినబడుతది. బీదోన్ని బీదోనిగనే చూపెట్టిండు, గాని జాలి పడమని మనల్ని అడుక్కోలే. జాలి అడుక్కోని సిన్మా ఎట్లుంటదో నాకు అక్కడ తెలిసింది.

మూడోది బొమ్మల సిన్మా. ఫ్రెడరిక్ బ్యాక్ కెనడాల తీసింది, పేరు "చెట్లు నాటిన మనిషి". 1988ల ఆస్కార్ వచ్చింది. అరగంట. జాన్ జియోనో అనే ఫ్రెంచి రచయిత కథ. ఎడారి లెక్క ఎండిపోయిన కొండల్ల ఒక గొర్లకాపరి రోజూ మంచి గింజలు వంద ఏరుకొని నాటుతడు. మూడేండ్లల్ల లక్ష నాటిండు. ఇరవై వేలు మొలిచినయి. అందుల సగం పోతయని ఆయనే లెక్క కట్టుకున్నడు. ఈ లెక్క విన్నప్పుడు నేను లేచి కూసున్న. ఇది రైతు లెక్క. మొలక శాతం చెప్పే సిన్మా నేను ఇంకోటి చూడలే. ఇంక రంగు సంగతి. మొదట్ల అంతా మట్టి రంగు, గోధుమ రంగు, పెన్సిలు గీతలు. చెట్లు పెరిగిన కొద్దీ తెరకు రంగు వస్తది. రంగును ఆయన ముందే పోయలే, పంట లెక్క పండించిండు. పైన రంగు పెంచుడు గురించి తిట్టిన కదా, రంగును కథకు ఎట్ల వాడాలెనో చూపెట్టినోడు ఈయన.

నాలుగోది మన పక్క జిల్లా. జగిత్యాల దగ్గర లంబాడిపల్లి, మై విలేజ్ షో పిల్లలు. శ్రీకాంత్ శ్రీరాం, అనిల్ జీల, మన గంగవ్వ. చెప్పే పని లేదు, అందరికి తెలుసు. నేను చెప్పేది 2018ల వాళ్లు చేసిన కికి చాలెంజ్ వీడియో. డ్రేక్ అనే కెనడా పాటగాని పాటకు, నడుస్తున్న కారుల నుంచి దిగి పక్కన డాన్స్ చేసుడు అప్పుడు లోకమంత పిచ్చి. పోలీసులు వద్దని మొత్తుకున్నరు. అనిల్, పిల్లి తిరుపతి ఇద్దరు కారు పక్కన పెట్టి, కరిగెట మడిల ఎడ్ల పక్కన బురదల డాన్స్ చేసిన్రు. ఎడ్లు వాటి నడక అవి నడుస్తనే ఉంటయి. నిమిషం వీడియో, ప్రపంచమంత తిరిగింది. నాకు దాంట్ల నచ్చింది ఏందంటే ఆ బురద నిజం బురద, ఆ ఎడ్లు పనిల ఉన్న ఎడ్లు, ఆ కాళ్లు బురదల జారకుండ ఆడనేర్చిన కాళ్లు. పట్నపోడు వచ్చి ఆ డాన్స్ చేస్తే రెండో అడుగుకే పడుతడు. రైతు నవ్వుతున్నడు, ఎవరు నవ్వమని చెప్పలే. గంగవ్వ కూడ అంతే. ఆమె మాట్లాడితే డైలాగు అనిపియ్యదు, వాకిట్ల ఊడ్చుకుంట ఎవరో తిట్టినట్టుంటది. కూలి పని చేసిన చేతులు ఎట్ల కదులుతయో నేర్పిస్తే రాదు.

2010 తర్వాత తెలుగుల షార్ట్ ఫిల్ములు వరదలెక్క వచ్చినయి. ఫణీంద్ర నర్సెట్టి "మధురం" లాంటివి బొమ్మ అందంతోని పేరు తెచ్చుకున్నయి. తరుణ్ భాస్కర్ "పెళ్లిచూపులు" కంటే ముందే "సైన్మా"ల మన తెలంగాణ మాటను పెట్టిండు. అవి మంచియే. కాని చాలామంది తీసింది కాలేజీ ప్రేమలు, పట్నం కాఫీ హోటళ్లు. పల్లె అంటే మళ్ల చావు. ఇంకా ఎనక్కు పోతే బి. నర్సింగరావు గారు 1987లనే "మా ఊరు" అని తెలంగాణ పల్లె మీద డాక్యుమెంటరీ తీసిన్రు. అంటే తొవ్వ ఎప్పుడో వేసి ఉన్నది. నడిచేటోళ్లు కావాలె.

ఇప్పుడు మన బోధన్ సంగతి. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ మీద కూడ వీడియోలు చాలా ఉన్నయి. 1937ల నిజాం కాలంల పుట్టింది, ఒకప్పుడు ఆసియాలనే పెద్దదని పేరు. 2002ల ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్‌ల మూతపడ్డది, దానితోపాటే ముత్యంపేట, మంబోజిపల్లి కూడ. ఆ వీడియోలన్నిట్ల ఏముంటది? తుప్పు పట్టిన మిషన్లు, గడ్డి మొలిచిన క్వార్టర్లు, పొగ లేని పొగగొట్టం. డ్రోన్ దాని చుట్టు తిరుగుతది. చూసేటోడు "అయ్యో" అనుకుంటడు, వీడియో అయిపోతది. మళ్ల అదే, చావు బొమ్మ. ఫ్యాక్టరీ బతికున్నప్పుడు మనం ఎట్ల బతికినమో అందుల ఉండదు.

చెరుకు రైతు కథల ఉత్కంఠ ఎంతుంటదో తీసేటోళ్లకు తెల్వదు. చెరుకు నిండ పది, పన్నెండు నెలల పంట. అన్ని నెలలు సాకినంక కటింగ్ ఆర్డర్ కోసం ఎదురుచూసుడు. ఆర్డర్ వచ్చింది, నరికినం. నరికిన గంట నుంచే చెరుకు ఎండుడు మొదలు, తూకం పోవుడు మొదలు. బండి కట్టుకొని కాంటా కాడికి పోతే ముందల బండ్ల లైను. రాత్రంత చలి. ఎడ్లకు మేత, మనకు సద్ది. ఎనక బండిల చెరుకు ఎండుతుంటది, ముందల లైను కదలదు. బండి బండికి కాంటా ముల్లు చూసుకుంట ముచ్చట్లు, కొట్లాటలు, పెండ్లి సంబంధాలు కూడ అక్కడ్నే మాట్లాడుకున్నోళ్లు ఉన్నరు. మొలాసిస్ వాసన బట్టలకు పట్టి మూడు రోజులు పోకపోయేది. ఫ్యాక్టరీ సైరన్ మోతతోని ఊర్లల్ల పొద్దు తెలిసేది. ఒక్క రాత్రి, ఒక్క బండి, ఒక్క కాంటా. పదిహేను నిమిషాల సిన్మాకు ఇంతకంటే ఏం కావాలె? ఎవ్వరు చావాల్సిన పని లేదు. చెరుకు ఎండుతున్నది చాలు, చూసేటోని గుండె కొట్టుకుంటది.

ఆ రాత్రి బండ్ల మీద కూసున్నోళ్లు ఇప్పుడు అరవై, డెబ్బై యేండ్లల్ల ఉన్నరు. చెరుకు పోయి వరి, సోయా వచ్చింది. ఆ ముచ్చట చెప్పేటోళ్లు ఒక్కొక్కరే పోతున్నరు. పొగగొట్టం ఇంకో పదేండ్లన్న నిలబడుతది, వాళ్లు నిలబడరు. కెమెరా ముందు ఎవరి దిక్కు తిప్పాలెనో మీరే ఆలోచించుండ్రి.

కాబట్టి కెమెరా పట్టిన తమ్ముళ్లకు, చెల్లెండ్లకు నా మాటలు ఇవి. మీకు సిన్మా తెలుసు, నాకు పొలం తెలుసు, ఆ హద్దుల్లనే చెప్తున్న.

డ్రోన్ కంటే ముందు గట్టు మీద నడువుండ్రి. పై నుంచి చూస్తే పసుపు ఆరబోసిన కల్లం బంగారం లెక్క కనబడుతది, దాన్ని ఉడకబెట్టిన ఆవిరిల నిలబడ్డ మనిషి కనబడడు.

వయొలిన్ బంద్ చేసి ఉన్న సప్పుడు వినుండ్రి. మోటర్ స్టార్ట్ అయినంక పైపుల ముందు గాలి వచ్చి తర్వాత నీళ్లు వచ్చే సప్పుడు ఉంటది. ఆ నడిమి రెండు క్షణాలు రైతు ఊపిరి పట్టుకుంటడు, బోరుల నీళ్లున్నయో లేవో అని. అంతకంటే మంచి మ్యూజిక్ ఎవరు కొట్టలేరు.

రైతుకు ధోతి, తలపాగ కట్టించే ముందు పొలంల ఎవరు ఏం వేసుకున్నరో చూడుండ్రి. విత్తనాల కంపెనీ టీషర్టు, పాత నైట్ ప్యాంటు. అట్లనే తీయుండ్రి.

అప్పు చూపెడితే నోట్‌బుక్ కూడ చూపెట్టుండ్రి. చాలా ఇండ్లల్ల ఆ లెక్క రాసేది ఇంటావిడనే. ఆమెను వంటింట్ల నుంచి బయటికి తీసుకురాండ్రి.

ఇంక ఆఖరికి రైతును చంపాలె అనిపిస్తే, ఒక్కసారి ఆగుండ్రి. ఆ సిన్మా చూసేటోళ్లల్ల ఆ రైతు కొడుకు కూడ ఉంటడు. మందు డబ్బా అటుక మీద దాచిపెట్టే వయసుల ఉంటడు. మీరు అవార్డు కోసం పెట్టిన ముగింపును వాడు వాళ్ల నాయినకు జరిగే సంగతి అనుకుంటడు. కథ చెప్పనే వద్దని కాదు. చావు ఉన్నదంటే చావు చూపెట్టుండ్రి, కాని దాని ముందు లెక్క, దాని తర్వాత ఇల్లు కూడ చూపెట్టుండ్రి.

ఈ పోస్టు చదువుతున్న రైతులల్ల ఎవరికన్న మనసు అస్సలు బాగలేకపోతే 14416కు ఫోన్ కొట్టుండ్రి. టెలీ మానస్ అని సర్కారుదే, పైసలు పడవు, తెలుగుల మాట్లాడుతరు. లేదంటే నాకు కొట్టుండ్రి, నంబర్ పేజీల ఉన్నది. ఎంత రాత్రయినా ఎత్తుత, నీళ్లు పెట్టేటోనికి నిద్రెక్కడిది.

బోధన్, రెంజల్, ఎడపల్లి దిక్కు షార్ట్ ఫిల్ములు తీసే పిల్లలు ఎవరన్న ఉంటే చెప్పుండ్రి. యాసంగి నాట్లకు మా పొలానికి రావచ్చు, పైసలు అడగ. తెల్లారి 5 గంటలకు రావాలె, చెప్పులు గట్టు మీద ఇడిచి మడిల దిగాలె.